వెస్ట్ మిషిగన్ డచ్ వాళ్ళు: ట్యూలిప్ పండగ వెనకాల ఉన్న సంగతులు

జూన్‌లో ఉద్యోగం మీద కుటుంబంతో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ వస్తున్నామని రాశారు. కొత్త ఆఫీసు వాళ్ళ పేర్లు చూస్తే సగం వాండర్, డి, స్ట్రా అని వినపడే డచ్ ఇంటిపేర్లే ఉన్నాయన్నారు. చెక్కబూట్లు, గాలిమర, ట్యూలిప్ పూలు తప్ప వీళ్ళ డచ్ సంస్కృతి నిజంగా ఏమైనా మిగిలిందా, మిగిలితే ఇన్నేళ్ళు ఎలా నిలబెట్టుకున్నారు, మన పిల్లలకి తెలుగు నిలవాలంటే వీళ్ళని చూసి నేర్చుకునేది ఉందా అని అడిగారు. నేను ఈ ప్రాంతానికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మా పిల్లలిద్దరూ డచ్ వాళ్ళు పెట్టిన బడిలోనే చదివారు. ఈ విషయం నాకు ఇష్టమైనది కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

ముందు అసలు జవాబు. వీళ్ళకి భాష నిలవలేదు. వేషం నిలవలేదు. తిండి కొద్దిగా నిలిచింది. గట్టిగా నిలిచినవి చర్చి, బడి, చుట్టరికం, వీటి కోసం సొంత డబ్బు తీసి పెట్టే అలవాటు. ఇక్కడి హాలండ్ పట్టణంలో జరిగే ట్యూలిప్ పండగకి వెళ్ళొచ్చి డచ్ సంస్కృతి చూసేశామనుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు చూసింది 1929లో మొదలైన పండగ. వలస వచ్చింది 1847లో.

ఎందుకు వచ్చారో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. నెదర్లాండ్స్ ఉత్తరాన ఉల్రుమ్ అనే పల్లెలో హెండ్రిక్ డి కాక్ అనే పాస్టరు, ఆయన సంఘం వాళ్ళు 1834లో జాతీయ చర్చి నుంచి విడిపోయారు. ఆ చర్చి మీద ప్రభుత్వ పెత్తనం ఉండేది. బోధన పలచబడిపోయిందని, పాత విశ్వాసానికి తిరిగి వెళ్ళాలని వీళ్ళ వాదన. అలా విడిపోయిన వాళ్ళ సంఖ్య పెరిగేసరికి రాజు మొదటి విలియం ప్రభుత్వం ఊరుకోలేదు. అనుమతి లేకుండా ఇరవై మందికి మించి కూడకూడదని నెపోలియన్ కాలం నాటి చట్టం ఒకటి ఉంటే దాన్ని వీళ్ళ ప్రార్థనల మీద ప్రయోగించారు. జరిమానాలు వేశారు, పాస్టర్లను జైల్లో పెట్టారు, ఇళ్ళలో సైనికులను దించారు. ఆ వేధింపు కొంత తగ్గే వేళకి 1845లో బంగాళాదుంపకి తెగులు వచ్చింది. పేదవాళ్ళు బతికేదే దాని మీద. మతం, ఆకలి రెండూ కలిసి వాళ్ళని ఓడ ఎక్కించాయి.

ఆల్బర్టస్ వాన్ రాల్టే అనే పాస్టరు 1846లో ఒక గుంపును తీసుకుని రాటర్‌డామ్‌లో బయల్దేరాడు. మొదట అనుకున్నది విస్కాన్సిన్. చలికాలం ముంచుకొచ్చి డిట్రాయిట్ దగ్గర ఆగిపోయారు. అక్కడ మిషిగన్ పడమటి భాగం గురించి విని, 1847 ఫిబ్రవరి 9న బ్లాక్ లేక్ ఒడ్డుకు చేరారు. ఇప్పటి హాలండ్ పట్టణం అదే. అదే ఏడాది హెండ్రిక్ స్కోల్టే అనే ఇంకో పాస్టరు తన వాళ్ళని అయోవా తీసుకెళ్ళి పెల్లా అనే ఊరు పెట్టాడు. మిషిగన్ వాళ్ళకి దట్టమైన అడవి దొరికింది, అయోవా వాళ్ళకి పచ్చిక మైదానం దొరికింది. ఇక్కడ మొదటి వేసవిలోనే చలిజ్వరం, విరేచనాలు వచ్చి ఎంతోమంది పోయారు. తల్లిదండ్రులు పోయిన పిల్లల కోసం ఒక ఇల్లు కట్టడం మొదలుపెడితే, అది పూర్తయ్యే లోపు పిల్లలందరినీ కుటుంబాల వాళ్ళే తీసేసుకున్నారు. ఇల్లు వేరే పనులకి వాడుకున్నారు. ఈ ఊరి స్వభావం నాకు ఈ ఒక్క విషయంలో చాలా కనపడుతుంది.

ఆ నేల ఖాళీ నేల కాదు. అక్కడ ఒడావా జాతి వాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళ కోసం ఒక మిషన్ కూడా నడుస్తుండేది. కొత్తవాళ్ళ తాకిడి పెరగడంతో 1849లో వాళ్ళు లేచి ఉత్తరానికి, గ్రాండ్ ట్రావర్స్ వైపు వెళ్ళిపోయారు. ఈ ముక్క వదిలేసి వలస కథ చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం. మీరు ఊరు చూడటానికి వెళ్ళినప్పుడు ఇది కూడా గుర్తుంచుకోండి.

హాలండ్ చుట్టూ కారులో తిరిగితే జీలండ్, వ్రీస్లండ్, డ్రెంత్, ఓవరైసెల్, గ్రోనింగెన్ అని ఊళ్ళు వస్తాయి. ఏ జిల్లా వాళ్ళు ఆ జిల్లా పేరుతో ఊరు పెట్టుకున్నారు, అందులో తమ పాస్టరుతో సహా దిగారు. జీలండ్‌కి వాన్ డెర్ మ్యూలెన్ అనే పాస్టరు తన సంఘాన్ని అలాగే తీసుకొచ్చాడు. తర్వాత గ్రాండ్ రాపిడ్స్ ఫర్నిచర్ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన వాళ్ళు కూడా ఒక ప్రాంతం వాళ్ళు ఒక వీధి చుట్టూ చేరారు. మనవాళ్ళు ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో చేరినట్టే, కాకపోతే వీళ్ళకి మధ్యలో చర్చి ఉండేది.

చర్చి గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అన్నీ దాని నుంచే వచ్చాయి. న్యూయార్క్ ప్రాంతంలో 1620ల నుంచే డచ్ వాళ్ళు ఉన్నారు. అమెరికా అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఆ పాత డచ్ కుటుంబాల్లో పుట్టినవాడే, ఆయన మాతృభాష డచ్. అడవిలో కష్టాలు పడుతున్న కొత్త వాళ్ళకి ఈ పాత డచ్ చర్చి వాళ్ళు సాయం చేశారు. 1850లో కొత్త సంఘాలు ఆ చర్చిలో కలిశాయి. ఏడేళ్ళు గడవకుండానే పేచీ మొదలైంది. తూర్పు వాళ్ళు కీర్తనల విషయంలో, క్రమశిక్షణ విషయంలో సడలిపోయారని కొందరికి అనిపించింది. 1857లో నాలుగు సంఘాలు బయటికి వచ్చాయి. అలా క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ చర్చి పుట్టింది. ముందు నుంచీ ఉన్నది రిఫార్మ్‌డ్ చర్చి ఇన్ అమెరికా. 1880లలో ఫ్రీమేసన్ల లాంటి రహస్య సంఘాల్లో సభ్యత్వం ఉన్న వాళ్ళని చర్చిలో ఉంచాలా వద్దా అని మళ్ళీ గొడవ వచ్చి, వాన్ రాల్టే కాలంలో, 1856లో కట్టిన పిల్లర్ చర్చి సంఘమే విడిపోయిన క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ పక్షానికి మారిపోయింది. 2012లో ఆ చర్చి రెండు శాఖలకూ చెందిన సంఘమైంది. అంటే ఆ పగ చల్లారడానికి వందేళ్ళ పైనే పట్టింది.

బయటి వాళ్ళకి ఇవి చిన్న విషయాల మీద కీచులాటల్లా కనిపిస్తాయి. నాకు అలా అనిపించదు. జైలుకి వెళ్ళి, సముద్రం దాటి కాపాడుకున్న నమ్మకం విషయంలో సర్దుకుపోవడం వాళ్ళకి చేతకాలేదు. ఆ పట్టుదలే బళ్ళు కట్టించింది.

బడి సంగతి ఇది. వచ్చిన నాలుగేళ్ళకే, 1851లో, హాలండ్‌లో పై చదువులకి బడి పెట్టారు. అది పెరిగి 1866లో హోప్ కాలేజీ అయింది. విడిపోయిన పక్షం వాళ్ళు 1876లో గ్రాండ్ రాపిడ్స్‌లో పాస్టర్ల శిక్షణకి పెట్టినది ఇప్పటి కాల్విన్ యూనివర్సిటీకి మూలం. చిన్నపిల్లల బళ్ళ విషయంలో ఇంకో ఆలోచన పనిచేసింది. నెదర్లాండ్స్‌లో అబ్రహాం కైపర్ అని మతవేత్త, పత్రికా సంపాదకుడు, తర్వాత ప్రధానమంత్రి కూడా అయిన మనిషి ఉండేవాడు. కుటుంబం, చర్చి, ప్రభుత్వం ఒక్కొక్క దానికీ దేవుడిచ్చిన వేర్వేరు హద్దులు ఉన్నాయని, పిల్లల చదువు ప్రభుత్వానిదీ కాదు, చర్చిదీ కాదు, తల్లిదండ్రులదని ఆయన పక్షం వాదన. 1898లో ఆయన అమెరికా వచ్చినప్పుడు మిషిగన్ డచ్ ఊళ్ళలో జనం విరగబడి వచ్చారు. ఆ ప్రభావంతో ఇక్కడి క్రిస్టియన్ బళ్ళు చాలావరకు తల్లిదండ్రుల సొసైటీల చేతుల్లో నడిచాయి. బోర్డులో కూర్చునేది పిల్లల తల్లిదండ్రులు. హాలండ్ క్రిస్టియన్ స్కూల్స్ 1901 నుంచీ ఉన్నాయి.

దీని ఖర్చు ఆలోచించండి. ప్రభుత్వ బడికి ఎలాగూ పన్ను కట్టాలి. పైన సొంత బడికి ఫీజు. చర్చికి సంపాదనలో పదో వంతు. ఇదంతా ఫ్యాక్టరీ కూలీలు, ఆకుకూరల రైతులు కట్టారు. ఈరోజుకీ మనవల ఫీజుల్లో తాతలు చెయ్యేసే ఇళ్ళు నాకు చాలా తెలుసు. బడి కోసం పాత సామాన్ల దుకాణం నడిపే రిటైర్డు మనుషులు ఉన్నారు, జీతం ఉండదు. పిల్లలు లేని వాళ్ళు కూడా చందా ఇస్తారు. ముసలివాళ్ళ కోసం గ్రాండ్ రాపిడ్స్‌లో 1892లో హాలండ్ హోమ్ పెట్టారు. మనసు బాగాలేని వాళ్ళ కోసం 1910లో పెట్టిన ఆసుపత్రి ఇప్పుడు పైన్ రెస్ట్ అనే పెద్ద సంస్థ. పిచ్చి అని దాచిపెట్టే కాలంలో వలస కూలీల సంఘం మానసిక వైద్యానికి సొంత ఆసుపత్రి కట్టిందంటే నాకు ఇప్పటికీ గౌరవంగా ఉంటుంది.

ఒక మాట ఇక్కడే. మన తీరానికి కూడా డచ్ వాళ్ళు వచ్చారు. 1605లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు, తర్వాత భీమునిపట్నంలో ఉన్నారు. రెండుచోట్లా వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. వాళ్ళు కంపెనీ ఉద్యోగులు, బట్టల వ్యాపారానికి వచ్చారు, వ్యాపారం పోయాక వెళ్ళిపోయారు. మిషిగన్ వచ్చింది పిల్లాపాపలతో వచ్చిన రైతులు, కూలీలు. ఇద్దరినీ ఒకే గాటన కట్టలేం.

ఇక భాష. మీకు ముఖ్యమైనది ఇదే కాబట్టి కొంచెం వివరంగా. మొదటి తరాల్లో అన్నీ డచ్‌లోనే నడిచాయి. హాలండ్‌లో డి గ్రాండ్‌వెట్ అనే వారపత్రిక 1860 నుంచి 1938 దాకా వచ్చింది. చర్చి పత్రిక డి వాఖ్టర్ 1868లో మొదలై 1985 వరకూ డచ్‌లో నడిచింది. కానీ చదివేవాళ్ళు ముసలివాళ్ళే మిగిలారు. మొదటి ప్రపంచయుద్ధం పెద్ద దెబ్బ. ఇంగ్లిష్ కాని భాష వినపడితే జర్మన్ పక్షమని అనుమానించే రోజులు. అయోవా గవర్నరు హార్డింగ్ 1918లో బహిరంగ స్థలాల్లో, బళ్ళలో, ఫోనులో, చివరికి చర్చిలో కూడా ఇంగ్లిష్ తప్ప వేరే భాష మాట్లాడకూడదని ప్రకటన చేశాడు. పెల్లా డచ్ వాళ్ళకి అది ప్రార్థన చేసుకునే భాషకే తగిలింది. మిషిగన్‌లో అలాంటి ప్రకటన లేకపోయినా ఒత్తిడి ఒకటే. 1920, 30లలో చర్చి ఆరాధనలు ఒక్కొక్కటీ ఇంగ్లిష్‌లోకి మారాయి.

అప్పట్లో పెద్దవాళ్ళు గట్టిగా భయపడ్డారు, డచ్ పోతే విశ్వాసం కూడా పోతుందని. అలా జరగలేదు. చర్చి, బడి ఇంగ్లిష్‌లో ఇంకా గట్టిగా నడిచాయి. అదే సమయంలో, తాతల ఉత్తరాలు చదవలేని మనవలు తయారయ్యారు. కాల్విన్‌లో ఉన్న డచ్ వలసల భాండాగారంలో అలాంటి ఉత్తరాలు, డైరీలు పెట్టెల కొద్దీ ఉన్నాయి. సొంత ముత్తాత ఏం రాశాడో తెలుసుకోవడానికి వేరేవాళ్ళ చేత అనువాదం చేయించుకోవాల్సిన పరిస్థితి.

కాబట్టి మీ మూడో ప్రశ్నకి నా జవాబు: సంఘం నిలబెట్టడం వేరు, భాష నిలబెట్టడం వేరు. డచ్ వాళ్ళు మొదటిది సాధించారు, రెండోది పోగొట్టుకున్నారు. గుడి, అసోసియేషన్, ఉగాది ప్రోగ్రాం ఉంటే తెలుగు దానంతట అదే నిలుస్తుందని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. నిలవదు. పిల్లవాడికి తెలుగులో తప్ప జరగని పని ఒకటి ఉండాలి. అమ్మమ్మతో వీడియో కాల్ కావచ్చు, సెలవుల్లో ఊళ్ళో రెండు నెలలు కావచ్చు, తెలుగులో చదివితే తప్ప తెలియని కథ కావచ్చు. డచ్ పిల్లలకి అలాంటి పని చర్చి ఒక్కటే. అది ఇంగ్లిష్‌లోకి మారిన రోజున భాషతో అవసరం తీరిపోయింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన వలస దీన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. యుద్ధంలో నాశనమైన దేశం, పెరుగుతున్న జనాభా, చాలని భూమి. 1950 కొత్త సంవత్సరం ప్రసంగంలో నెదర్లాండ్స్ ప్రధాని విల్లెం డ్రేస్ జనంలో కొంతమంది ధైర్యం చేసి పెద్ద దేశాల్లో భవిష్యత్తు వెతుక్కోవాలని చెప్పాడు. వలస వెళ్ళేవాళ్ళకి ప్రభుత్వమే డబ్బు సాయం చేసింది. డబ్బు బయటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలు ఉండటంతో ఇంటి సామానంతా పెద్ద చెక్కపెట్టెల్లో పెట్టుకుని లక్షల మంది కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళారు. కెనడాలో మతం గట్టిగా ఉన్నవాళ్ళు మిషిగన్ పద్ధతినే పట్టుకున్నారు. ముందు చర్చి, వెంటనే బడి, 1952లో సొంత కార్మిక సంఘం, 1954లో టొరంటోలో డూకా అనే పరపతి సంఘం. ఆస్ట్రేలియాలో చాలామంది త్వరగా కలిసిపోయారు. ఇంట్లో కూడా ఇంగ్లిష్‌కి మారిపోయారు. మంచి వలసదారులని ప్రభుత్వం మెచ్చుకుంది. అదే మనుషులు ముసలితనంలో, ముఖ్యంగా మతిమరుపు వచ్చాక, ఇంగ్లిష్ మర్చిపోయి డచ్‌లో మాట్లాడటం మొదలుపెట్టారు. కన్నపిల్లలకే ఆ మాటలు అర్థం కాలేదు. డచ్ తెలిసిన సిబ్బందితో వృద్ధాశ్రమాలు పెట్టాల్సి వచ్చింది. పిల్లలకి తెలుగు ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పే కారణాల్లో ఇది మొదటిది. భాష పిల్లల కోసమే కాదు, రేపు మన కోసం కూడా.

ఈ సంఘంలో నాకు నచ్చనిదీ ఉంది, చెప్పకపోతే మీకు పూర్తి బొమ్మ రాదు. బయటివాళ్ళకి లోపలికి దారి దొరకడం కష్టం. పేరు వినగానే మీ అమ్మగారిది ఏ ఊరు, ఫలానా వాళ్ళు మీకేమవుతారు అని చుట్టరికం తీసే అలవాటుకి ఇక్కడ డచ్ బింగో అని పేరు. మన పెళ్ళిళ్ళలో జరిగేదే. కానీ ఆ మాటల్లో మీరు పక్కన నిలబడే ఉంటారు. మర్యాదకి లోటుండదు, స్నేహానికి ఏళ్ళు పడుతుంది. మీరు ఏ చర్చికి వెళ్తారని మొదటి పరిచయంలోనే అడుగుతారు. తప్పుగా తీసుకోకండి, మనం ఏ ఊరండీ అని అడిగినట్టే అది. మేము హిందువులం, గుడికి వెళ్తామని సూటిగా చెప్పండి. సూటిగా మాట్లాడేవాళ్ళంటే వీళ్ళకి ఇష్టం. 1911లో గ్రాండ్ రాపిడ్స్ ఫర్నిచర్ కార్మికుల పెద్ద సమ్మెలో కూడా మావాళ్ళు, బయటివాళ్ళు అనే ఈ గీత కనిపించింది. పోలిష్ క్యాథలిక్కులు గట్టిగా నిలబడితే, యూనియన్లంటే చర్చికి ఉన్న అనుమానం వల్ల డచ్ కార్మికుల్లో చాలామంది వెనకాడారు. పక్కపక్కనే పనిచేసేవాళ్ళ మధ్య అది చాలాకాలం నొప్పిగా మిగిలింది.

రోజువారీ విషయాలు కొన్ని. ఆదివారం పొద్దున గడ్డి కోసే మెషీన్ తీయకండి. చట్టం కాదు, కానీ పాత వీధుల్లో బాధపడతారు. జీలండ్ పట్టణంలో 2006 దాకా మద్యం అమ్మనివ్వలేదంటే ఊహించుకోవచ్చు. ఆరింటికి భోజనానికి పిలిస్తే ఆరింటికే వెళ్ళండి. శాకాహారులైతే ముందే చెప్పండి, బఠాణీ సూప్ అన్నా అందులో పంది మాంసం ఉంటుంది, చర్చి విందుల్లో హామ్ బన్ను తప్పనిసరి. డిసెంబరు చివర్లో ఓలీబోలెన్ అని నూనెలో వేయించిన తీపి ఉండలు చేస్తారు, పిల్లలకి తప్పక నచ్చుతాయి. బాంకెట్ అనే బాదం ముద్ద నింపిన రొట్టె కూడా బాగుంటుంది. ఉప్పు వేసిన నల్ల లికరిస్ మాత్రం అందరూ తినలేరు. మీరు సరుకులకి వెళ్ళే మైయర్ దుకాణాలు నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఒక మంగలి హెండ్రిక్ మైయర్ 1934లో గ్రీన్‌విల్ అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టినవే.

ట్యూలిప్ పండగని తక్కువ చేశాననుకోకండి, తప్పక వెళ్ళండి. 1927లో హాలండ్ హైస్కూల్లో బయాలజీ చెప్పే లిడా రోజర్స్ అనే టీచరు ఊరంతా ట్యూలిప్‌లు నాటుదామని ప్రతిపాదించారు. మరుసటేడు మున్సిపాలిటీ నెదర్లాండ్స్ నుంచి లక్ష దుంపలు తెప్పించింది, 1929 వసంతంలో పూస్తే జనం చూడటానికి వచ్చారు. భాష పోతున్న దశాబ్దంలోనే వేషం పండగైంది, ఆ రెండూ ఒకేసారి జరగడం నాకు యాదృచ్ఛికం అనిపించదు. డి జ్వాన్ గాలిమరని 1964లో నెదర్లాండ్స్ నుంచి విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. అది అసలుది. చెక్కబూట్లతో వీధి నాట్యం చేసే హైస్కూల్ పిల్లల్లో ఇప్పుడు డచ్ పేర్లు లేనివాళ్ళు కూడా బోలెడు మంది. హాలండ్ జనాభాలో దాదాపు నాలుగో వంతు లాటినోలు, అంటే స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా మూలాల వాళ్ళు, పొలాల్లో, ఫ్యాక్టరీల్లో పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. వాళ్ళ అమ్మాయి జీలండ్ టోపీ పెట్టుకుని నాట్యం చేస్తుంటే వాళ్ళమ్మ ఫోన్‌లో వీడియో తీసుకోవడం నేను చూశాను. పండగ ఇప్పుడు ఊరిది, అది మంచి విషయమే.

మే మొదటి రెండు వారాల్లో, పనిరోజు చూసుకుని వెళ్ళండి, శనివారం పార్కింగ్ దొరకదు. అదే రోజు పిల్లర్ చర్చి, హాలండ్ మ్యూజియం కూడా చూడండి, రెండూ నడిచి వెళ్ళేంత దగ్గరే.

ఇక మీ పిల్లల్ని క్రిస్టియన్ బడిలో వేయాలా అన్నది మీరు అడగలేదు కానీ రాగానే ఎవరో ఒకరు సలహా ఇస్తారు, అందుకని చెప్తున్నాను. చదువు బాగుంటుంది, టీచర్లు పిల్లల్ని పేరు పేరునా పట్టించుకుంటారు, తల్లిదండ్రులు బడి పనుల్లో దిగాలి. బైబిల్ పాఠం రోజూ ఉంటుంది, అన్ని పాఠాలూ ఆ దృష్టితోనే చెప్తారు. దాన్ని దాచరు. కొన్ని బళ్ళు కనీసం ఒక పేరెంటు చర్చి సభ్యులై ఉండాలని అడుగుతాయి, కొన్ని అడగవు. ముందు ఆ ప్రశ్నే అడగండి, తర్వాత ఫీజు తగ్గింపు గురించి అడగండి. మా ఇంట్లో పిల్లలు అక్కడ బైబిల్, ఇంట్లో రామాయణం రెండూ విని పెరిగారు. ఇబ్బంది రాలేదు, ప్రశ్నలు మాత్రం చాలా వచ్చాయి, కూర్చుని జవాబులు చెప్పే ఓపిక మీకుంటేనే ఆ దారి తీసుకోండి. లేదంటే ఫారెస్ట్ హిల్స్ లాంటి చోట్ల ప్రభుత్వ బళ్ళు చాలా బాగున్నాయి.